దగ్గు దాచుకోవద్దు



కూతురి పురిటికని, మనవడి పుట్టినరోజుకని, కొడుకు కొత్త ఇల్లు చూసి రావాలని మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచి ఎందరో తల్లిదండ్రులు అమెరికా ప్రయాణం కడుతుంటారు. నెల ముందు నుంచే ఇల్లంతా హడావుడి. బాలింతకు కాయం, పసిబిడ్డకు సున్నిపిండి, అల్లుడికి ఇష్టమని గోంగూర పచ్చడి. సూట్‌కేసు 23 కిలోలు దాటితే కౌంటరు దగ్గర విప్పమంటారేమోనని ఇంట్లోనే రెండుసార్లు తూకం. ఇన్ని సర్దుకుంటారు గానీ ఒక్క సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. అక్కడికి వెళ్లాక కోవిడ్ పాజిటివ్ వస్తే ఏం చేయాలి?

నేను వైద్యుణ్ణి. ప్రయాణానికి ముందు బీపీ, షుగరు చూపించుకుని, ఆరు నెలలకు సరిపడా మందులు రాయించుకోవడానికి వచ్చే పెద్దవాళ్లను ఈ మాట అడుగుతుంటాను. ‘శుభమా అని వెళుతుంటే అదేం మాటండీ’ అంటారు కొందరు. ‘ఇంకా కోవిడ్ ఎక్కడుందండీ’ అంటారు మరికొందరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది, నిజమే. వైరస్ వెళ్లిపోయిందని ఆ రోజు కూడా చెప్పలేదు. 2025 మే, జూన్ నెలల్లో మన దేశంలోనే కేసులు మళ్లీ పెరిగాయి. అమెరికాలో చలికాలంలోనే కాదు, ఎండాకాలంలోనూ పెరుగుతూ వస్తోంది. ఇక్కడి ఎండలు తప్పించుకోవచ్చని మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఆ ఎండాకాలంలోనే.

2021, 2022 సంవత్సరాల్లో ఈ ప్రశ్నను ప్రభుత్వాలే అడిగేవి. 2021 జనవరి 26 నుంచి అమెరికా వెళ్లే విమానం ఎక్కాలంటే నెగటివ్ వచ్చినట్టు కాగితం చూపాల్సి వచ్చేది. మొదట్లో మూడు రోజుల లోపు చేయించుకున్న పరీక్ష చాలన్నారు. ఒమిక్రాన్ రావడంతో 2021 డిసెంబరు 6 నుంచి గడువును ఒక్క రోజుకు కుదించారు. మన దేశానికి తిరిగి రావాలంటే 72 గంటల లోపు చేయించిన ఆర్టీపీసీఆర్ రిపోర్టును ఎయిర్ సువిధ పోర్టల్‌లో పెట్టాల్సి వచ్చేది. దుబాయ్ వెళ్లేవాళ్లకు అది కూడా చాలేది కాదు, విమానం ఎక్కబోయే ముందు విమానాశ్రయంలోనే ఇంకో ర్యాపిడ్ పీసీఆర్ చేయించుకోవాల్సి వచ్చేది. కొవాగ్జిన్ వేయించుకున్నవాళ్ల అవస్థ మరొకటి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన ఆ టీకాను 2021 నవంబరు 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర వినియోగ జాబితాలో చేర్చేదాకా, పిల్లల దగ్గరికి వెళ్లగలమో లేదో తెలియక ఎంతమంది తల్లులు రోజులు లెక్కపెట్టుకున్నారో ఆ కుటుంబాలకు తెలుసు.

అమెరికా ఆ పరీక్ష నిబంధనను 2022 జూన్ 12న తీసేసింది. ఆ నవంబరులో ఎయిర్ సువిధ కూడా ఆగిపోయింది. ఇవాళ విమానాశ్రయంలో కోవిడ్ గురించి మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. నా దిగులంతా అక్కడే ఉంది. ఎవరూ అడగనప్పుడు, ‘నాకు ఒంట్లో బాగాలేదు’ అని చెప్పాల్సింది జబ్బు పడిన మనిషే. మన పెద్దవాళ్లు ఆ మాట చెప్పరు.

‘ఏసీ పడలేదమ్మా’ అంటారు. ‘నీళ్లు మారాయి కదా, గొంతు పట్టేసింది’ అంటారు. పిల్లలు ఆఫీసు పనిలో ఉండగా గుట్టుగా ఒక డోలో మింగి, పసిబిడ్డకు లాల పోయడానికి కూర్చుంటారు. కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, వంగి ఒళ్లు రుద్దుతున్నప్పుడు అమ్మమ్మ ముఖానికీ ఆ పసిముఖానికీ మధ్య మూరెడు దూరం కూడా ఉండదు. ఆమె చెడ్డమనిషి కాదు. చాకిరీ చేయడానికి వచ్చి చేయించుకోవడమేమిటని ఆమె సిగ్గు. ‘అత్తగారు వచ్చి జబ్బు పట్టుకొచ్చారు’ అని అల్లుడు అనుకుంటాడేమోనని బెరుకు. అమెరికా ఆసుపత్రిలో అడుగు పెడితే పిల్లల సంపాదనంతా ఊడ్చుకుపోతుందని భయం. తిరుగు ప్రయాణం ఆగిపోతే టికెట్ డబ్బులు పోతాయని ఇంకో భయం. ఈ భయాలకు బయల్దేరక ముందే జవాబులు దొరికితే దాచుకోవాల్సిన అగత్యం ఉండదు. సిద్ధపడటమంటే నా ఉద్దేశంలో ఇదే. మాస్కులు, శానిటైజర్లు కొనుక్కోవడం ఆ తర్వాతి మాట.

దాచుకుంటే ఏమవుతుందో చెబుతాను. కోవిడ్ ముదరకుండా ఆపడానికి అమెరికాలో పెద్దవాళ్లకు ఎక్కువగా ఇచ్చే మందు పాక్స్‌లోవిడ్. లక్షణాలు మొదలైన అయిదు రోజుల లోపే దాన్ని మొదలుపెట్టాలి. జలుబేలే అని దాచిన మూడు రోజులూ ఆ అయిదింట్లోంచి పోయినట్టే. మిగిలిన రెండు రోజుల్లో డాక్టరు దొరకాలి, ఆయన మందు రాయాలి, అది ఫార్మసీలో ఉండాలి. మధ్యలో శని ఆదివారాలు వచ్చాయంటే ఇక ఆ మందు మాట మరచిపోవాల్సిందే.

ఆ డాక్టరు అడిగే మొదటి ప్రశ్న ‘ప్రస్తుతం ఏ మందులు వాడుతున్నారు’ అని. ఇక్కడ కాసేపు ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మన దగ్గర అరవై దాటిన ఒక సగటు మనిషి మందుల డబ్బా తెరిచి చూడండి. బీపీకి టెల్మా ఏఎం, షుగరుకు గ్లైకోమెట్ జీపీ, గుండెకు మంచిదని ఎకోస్ప్రిన్ ఏవీ. ‘మూడు బిళ్లలేనండీ’ అంటారు. ఆ మూడింటిలో ఆరు మందులున్నాయి. టెల్మా ఏఎంలో టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్. గ్లైకోమెట్ జీపీలో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. ఎకోస్ప్రిన్ ఏవీలో ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్. మన బ్రాండు పేరు చెబితే అమెరికా డాక్టరుకు ఏమీ తెలియదు. ఈ ఆరింటిలో రెండు ఆయనకు తప్పక తెలియాలి. పాక్స్‌లోవిడ్ వాడే రోజుల్లో కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్‌ను సాధారణంగా ఆపమంటారు. ఆమ్లోడిపిన్ ప్రభావం పెరిగి బీపీ మరీ పడిపోవచ్చు, కాబట్టి దాన్ని కనిపెట్టి ఉండాలి, అవసరమైతే మోతాదు తగ్గించాలి. స్టెంటు పడినవాళ్లు వాడే క్లోపిడోగ్రెల్ ఉంటే ఇంకా జాగ్రత్త, అసలు పాక్స్‌లోవిడ్ ఇవ్వవచ్చా లేదా అన్నదే డాక్టరు ఆలోచించాలి. వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపేయకూడదు. మీరు చేయాల్సింది ఆయన చేతికి సరైన చీటీ ఇవ్వడం.

ఆ చీటీ ఇక్కడే రాయించుకోండి. ప్రతి బిళ్ల పక్కన దానిలోని మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు. కింద మీకు పడని మందులు. ఇటీవల చేయించుకున్న రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత ఉందో కూడా రాయించండి. కిడ్నీల పనితీరును బట్టే పాక్స్‌లోవిడ్ మోతాదు నిర్ణయిస్తారు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు తగ్గించి ఇస్తారు. ఆ చీటీకి ఫోటో తీసి కూతురి ఫోనుకూ, కొడుకు ఫోనుకూ పంపండి. కాగితం మీ పర్సులో ఉంచుకోండి. మందులు మాత్రం పెద్ద సూట్‌కేసులో వేయకండి, అది దారిలో తప్పిపోయే వస్తువు. స్ట్రిప్పుల్లోంచి విప్పకుండా, ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలోనే పెట్టుకోండి.

మరో చిన్న మాట. అక్కడ మన పారాసిటమాల్‌ను ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ డబ్బా మీద ఉండేది అదే. షాపులో దొరికే జలుబు, దగ్గు మందులు చాలావాటిలో అది కలిసే ఉంటుంది. డోలో కూడా పారాసిటమాలే కాబట్టి, ఇంటి నుంచి తెచ్చిన డోలో ఒకపక్క, ఆ సిరప్ ఇంకోపక్క వేసుకుంటే తెలియకుండానే మోతాదు రెట్టింపై లివరు మీద పడుతుంది. డబ్బా మీద ఏం రాసి ఉందో పిల్లల చేత చదివించుకున్నాకే వేసుకోండి.

ఇక పరీక్ష. అమెరికాలో మందుల షాపుల్లో ఇంట్లో చేసుకునే కిట్లు దొరుకుతాయి. ఫ్లూనీ కోవిడ్‌నీ ఒకేసారి చూపేవీ ఉన్నాయి. మీరు వెళ్లకముందే నాలుగు కిట్లు తెచ్చి ఇంట్లో పెట్టమని పిల్లలకు చెప్పండి. వాటిని కారులో వదిలేయవద్దు, టెక్సస్ ఎండలో కారు లోపలి వేడికి అవి పనికిరాకుండా పోతాయి. పరీక్ష కష్టం కాదు. ముందు చేతులు కడుక్కోవాలి. పుల్లకున్న దూదిని ముక్కు లోపల, అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం లోతున, గోడకు ఆనించి గుండ్రంగా తిప్పాలి. రెండో రంధ్రంలోనూ అదే పుల్లతో అలాగే తిప్పాలి. చాలామంది మొహమాటంగా అంచున తాకించి తీసేస్తారు, దాంతో జబ్బు ఉన్నా నెగటివ్ వస్తుంది. పుల్లను గొట్టంలోని ద్రవంలో బాగా తిప్పి, పిండి, కిట్ మీద చెప్పినన్ని చుక్కలు పట్టీ మీద వేయాలి. గడియారం చూసుకోవాలి. చాలా కిట్లలో 15 నిమిషాలకు ఫలితం చదవాలంటారు. గంట తర్వాత వచ్చి చూస్తే అది లెక్కలోకి రాదు. ‘సి’ అన్న చోట గీత వస్తే పరీక్ష సరిగా జరిగినట్టు, ‘టి’ దగ్గర కూడా గీత వస్తే పాజిటివ్. ఆ గీత వెలుతురుకు ఎదురు పెడితే తప్ప కనిపించనంత సన్నగా ఉన్నా పాజిటివే. ‘లైట్‌గానే వచ్చింది, కొంచెమే ఉందేమో’ అని సమాధానపడవద్దు. లక్షణాలుండి నెగటివ్ వస్తే 48 గంటలాగి మళ్లీ చేయాలి. ఆ రెండు రోజులూ బిడ్డకు దూరంగా ఉండటమే మంచిది.

దూరంగా అంటే ఎక్కడ? నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ప్రశ్న ఇదే. పాజిటివ్ వచ్చిన రాత్రి, బిడ్డ ఏడుస్తుండగా, బాలింత అలసిపోయి ఉండగా తేల్చుకునే సంగతి కాదిది. స్నానాలగది కలిసి ఉన్న పడకగది అక్కడి ఇళ్లలో చాలావరకు ఒక్కటే ఉంటుంది, అందులో దంపతులు ఉంటారు. అవసరమైతే దాన్ని ఎవరు ఖాళీ చేయాలి? బిడ్డ తొట్టి ఏ గదిలోకి మారుతుంది? వంట అల్లుడు చేస్తాడా, బయటి నుంచి తెప్పించుకుంటారా? బాలింతకు మరో చెయ్యి సాయం కావాలంటే ఊళ్లో ఎవరిని పిలుస్తారు? వీటన్నిటినీ ఫోనులో ముందే మాట్లాడుకోండి. అక్కడి చాలా ఇళ్లలో ఏసీ గాలి ఒకే యంత్రం నుంచి గదులన్నిటికీ తిరుగుతుంది, కాబట్టి తలుపు వేసుకుంటేనే సరిపోదు. ఆ గది కిటికీ కాస్త తెరిచి ఉంచాలి, స్నానాలగదిలో ఫ్యాను తిరుగుతుండాలి, హెపా ఫిల్టరున్న ఎయిర్ ప్యూరిఫయర్ ఉంటే మరీ మంచిది. అపార్టుమెంటు చిన్నదైతే పెద్దావిడను హోటల్లో పెడదామని కొందరు పిల్లలు అంటారు. నేను ఒప్పుకోను. ఇంగ్లిషు రాని, షుగరున్న డెబ్బై ఏళ్ల మనిషి జ్వరంతో ఒంటరిగా హోటల్ గదిలో ఉండటం ప్రమాదం. రాత్రి ఆయాసం వస్తే ఎవరు చూస్తారు? ఒక పడకగది ఆమెకు వదిలి, మిగతావాళ్లు హాల్లో సర్దుకోవడమే మేలు.

ఆరు నెలల లోపు పిల్లలకు కోవిడ్ టీకా లేదు. అందుకే ఇంత పట్టుబడుతున్నాను. తల్లికే పాజిటివ్ వస్తే పాలు మానేయనక్కర్లేదు. చేతులు కడుక్కుని, మాస్కు పెట్టుకుని ఇవ్వవచ్చు, ఆ పాలతో బిడ్డకు రక్షణ కూడా అందుతుంది. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు తాకితే మాత్రం ఇంటి వైద్యం చేయకుండా వెంటనే పిల్లల డాక్టరుకు ఫోన్ చేయాలి, వేళ కాని వేళైతే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

పెద్దవాళ్ల విషయంలో ఆక్సిమీటరు వెంట ఉంచుకోండి. 94 కన్నా తగ్గితే ఆలస్యం చేయవద్దు. చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవాళ్లకు ఈ యంత్రం ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2021లోనే హెచ్చరించింది. కాబట్టి అంకె 95 ఉన్నా నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వస్తుంటే మనిషినే నమ్మాలి, అంకెను కాదు. ఛాతీలో నొప్పి, మాట తడబడటం, మగతగా ఉండి లేపినా లేవకపోవడం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే 911కు ఫోన్ చేయడమే. షుగరున్నవాళ్లు జ్వరంలో తిండి మానేసి బిళ్ల మాత్రం మానరు, అప్పుడు షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. గ్లూకోమీటరుకు సరిపడా స్ట్రిప్పులు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి.

బిల్లు గురించి. భయం నిజమైనదే. పాక్స్‌లోవిడ్ ఒక్క కోర్సుకు దాదాపు 1400 డాలర్ల ధరను కంపెనీ 2023లో ప్రకటించింది. బీమా లేకుండా ఎమర్జెన్సీ గది మెట్లెక్కితే బిల్లు వేలల్లోకి వెళుతుంది. అందుకే ప్రయాణ బీమా పాలసీని ఏజెంటు మాట మీద కొనవద్దు, ధర తక్కువని అసలు కొనవద్దు. కోవిడ్‌ను మామూలు జబ్బులాగే చూస్తారా, లేక మినహాయింపుల్లో పెట్టారా? ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు వల్ల సమస్య పెరిగితే ఇస్తారా? ఒక్కో చికిత్సకు ఇంతేనని పరిమితి పెట్టారా, లేక మొత్తం బిల్లులో ఫలానా శాతం భరిస్తారా? మొదట మన జేబు నుంచి ఎంత పెట్టుకోవాలి? ఈ జవాబులు కాగితం మీద ఉండాలి. పాలసీ కొన్నాక ఇంకో పని చేయండి. పిల్లల ఇంటికి దగ్గర్లో ఆ బీమాను తీసుకునే అర్జెంట్ కేర్ క్లినిక్ ఎక్కడుందో, ఆదివారం తెరుస్తారో లేదో ముందే కనుక్కోమనండి. ప్రాణం మీదికి రాని జబ్బుకు అక్కడికే వెళ్లాలి. ఎమర్జెన్సీ గదితో పోలిస్తే ఖర్చు ఎంతో తక్కువ.

తిరుగు ప్రయాణం దగ్గర మరో చిక్కుంది. సందర్శక వీసా మీద వెళ్లినవాళ్లకు సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు. ఆ గడువు ఎప్పటిదాకా అన్నది వీసా స్టాంపు మీద ఉండదు, ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. పూర్తిగా ఆరు నెలలూ ఉండి రావాలని, చాలామంది టికెట్‌ను సరిగ్గా చివరి రోజుకో అంతకు ముందురోజుకో కొంటారు. ఆ వారమే జ్వరం వస్తే? గడువు దాటితే వచ్చేసారి వీసాకు ఇబ్బంది. ఆ భయంతోనే డోలో వేసుకుని, జ్వరం కనబడకుండా విమానం ఎక్కేవాళ్లున్నారు. దోహాలోనో దుబాయ్‌లోనో దిగి మారుతూ ఇరవై గంటలకు పైగా ప్రయాణం. పక్క సీట్లో కీమోథెరపీ చేయించుకుంటున్న మనిషి ఉండవచ్చు, నెలల బిడ్డ ఉండవచ్చు. ఎక్కినవాళ్లకే దారి మధ్యలో ఆయాసం రావచ్చు. ఈ పని చేయవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. టికెట్‌ను గడువుకు రెండు మూడు వారాలు ముందే పెట్టుకోండి, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి. అయినా జబ్బు వల్ల గడువు దాటేలా ఉంటే, గడువు ముగియక ముందే, దాన్ని పొడిగించమని ఐ-539 అనే దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. దానికి డాక్టరు ఉత్తరం జతచేయాలి. జ్వరం మందు లేకుండానే 24 గంటలు జ్వరం రాకుండా ఉండి, మిగతా లక్షణాలు కూడా తగ్గుతుంటే నలుగురిలోకి రావచ్చని, ఆ తర్వాత మరో అయిదు రోజులు మాస్కు వంటి జాగ్రత్తలు పాటించాలని అమెరికా సీడీసీ 2024 మార్చి నుంచి చెబుతోంది. విమానానికీ ఆ లెక్కే పెట్టుకోండి.

యూరప్ టూరుకు బృందంగా వెళ్లేవాళ్లది వేరే ఇబ్బంది. ఒకరికి పాజిటివ్ వస్తే బస్సు ఆగదు. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి కాబట్టి ఆసుపత్రి ఖర్చుకు ఆధారం ఉంటుంది. వెనకబడిపోయిన రోజులకు హోటల్ ఎవరిస్తారు, తోడుగా ఎవరుంటారు, తర్వాత బృందాన్ని ఎలా కలుసుకోవాలి అన్నది టూరు నడిపేవాళ్ల చేత ముందే రాయించుకోవాలి. భార్యాభర్తలు వెళితే ఒకరికి జబ్బు చేసినప్పుడు రెండోవారు కూడా ఆగిపోతారని ముందే అనుకోండి. అందరి పాస్‌పోర్టులూ, బీమా కాగితాలూ ఒకరి సంచిలోనే పెట్టకండి.

గల్ఫ్‌లో పనిచేసే మన జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప బిడ్డల సంగతి తలచుకుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. ఒకే గదిలో ఆరేడుగురు పడుకునే చోట వేరే గది మాటెక్కడిది? వాళ్లు జబ్బు దాచేది సిగ్గుతో కాదు, జీతం కోతకు భయపడి. యూఏఈలో ఉన్నవాళ్లు ఒక్కటి తెలుసుకోండి. ప్రొబేషన్ దాటాక అక్కడి చట్టం ప్రకారం ఏడాదికి 90 రోజుల దాకా సిక్ లీవ్ ఉంది. అందులో మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాతి 30 రోజులు సగం జీతం, మిగతాది జీతం లేని సెలవు. జబ్బు సంగతి మూడు పనిదినాల లోపు కంపెనీకి తెలియజేసి, డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. బీమా కార్డు కంపెనీ దగ్గరే ఉంటే అడిగి తీసుకుని ఒంటి మీదే ఉంచుకోండి.

ఇంట్లో అమ్మానాన్నలకు టికెట్లు కొంటున్న పిల్లలు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకొక మాట. ‘అమ్మా, నువ్వు ఇక్కడికొచ్చాక నీకు జ్వరమొస్తే ఫలానా గది నీది, ఖర్చు సంగతి నేను చూసుకుంటాను, మొదటి రోజే నాతో చెప్పు’ అని ఆమె విమానం ఎక్కకముందే చెప్పండి. ఆమె అడగదు. అల్లుడో కోడలో ఆ మాట చెబితే ఇంకా మంచిది. ఈ ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు మందుల డబ్బా తెచ్చి కెమెరా ముందు పెట్టమనండి. ఒక్కో స్ట్రిప్పు తిప్పి చూపిస్తుంటే పేర్లు మీరు రాసుకోవచ్చు.